జుమ్రెత బిగించిన హారన్

నా భర్త నెజిర్‌కు చెప్పకుండానే బండి తాళాలు జేబులో వేసుకున్నాను. అడిగితే ఇవ్వడని తెలుసు. ఆ బండి నాకంటే ముందే అతని జీవితంలోకి వచ్చింది. జర్మనీలో ఇటుకలు మోసిన రోజుల్లో కొన్నాడు. వెనకాల మంచం, చిన్న పొయ్యి, మడత బల్ల, పసుపుపచ్చ కర్టెన్లు. చక్రాల మీద చిన్న ఇల్లు. అందులో సముద్రం దగ్గరికి రెండుసార్లు వెళ్లొచ్చాం, అంతే. మిగతా కాలమంతా అది గడ్డి కొట్టంలో దుప్పటి కప్పుకుని పడుకుంది. నెజిర్ ప్రతి ఆదివారం దాన్ని తుడిచేవాడు. ఎక్కడైనా గీత కనబడితే ఆ వారమంతా ఇంట్లో ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు.

ఆ బండినే తెల్లవారగానే కొండ దిగి తోలుకొచ్చి వంతెన మొదట్లో అడ్డంగా నిలిపాను.

ముందు రోజు పొద్దున మేం వచ్చేసరికి వంతెన పక్కన కాపలాకు వేసుకున్న మా చెక్క పలకల గుడిసె బూడిదై పొగలు కక్కుతూ కనిపించింది. ఎవరు తగలబెట్టారో చూసినవాళ్లు లేరు. ఎందుకు తగలబెట్టారో మాత్రం ఊరంతటికీ తెలుసు. మా బిస్త్రావా ఏటిని పైన ఎక్కడో పట్టి గొట్టంలో పోసి, కింద ఎక్కడో కరెంటు తీసి వదులుతామని ఒక కంపెనీ పర్మిట్ తెచ్చుకుంది. మధ్యలో ఉన్న మా ఊరు కామెనొవ్ దొల్‌కు మిగిలేవి తడి రాళ్లు. యంత్రాలు పైకి పోవాలంటే ఉన్న దారి ఈ చెక్క వంతెన ఒక్కటే. అందుకని వసంతం నుంచి ఆడవాళ్లం వంతులు వేసుకుని దాని మీద కూర్చుంటున్నాం. మగవాళ్లయితే పోలీసులు చూడగానే కొడతారు. మమ్మల్ని కొట్టడానికి ఒక్క క్షణం ఆలోచిస్తారు. ఆ క్షణం మాకు చాలు.

మాకున్న ఇబ్బంది వేరు. ఊరు కొండ మీద, వంతెన లోయలో. లోయలో ఫోను పలకదు. యంత్రాలు వస్తే పైకి ఎవరు చెప్పాలి? సత్తు గిన్నెలు కొట్టి చూశాం. ఏటి హోరులో ఆ చప్పుడు పక్క గట్టుకు కూడా చేరలేదు.

ఆ ఉదయం కాఫీ గిన్నె పట్టుకుని జుమ్రెత వచ్చింది. పట్నంలో కార్లకు వైర్ల కట్టలు అల్లే ఫ్యాక్టరీలో చాలా ఏళ్లు పని చేసిందది. వంతెన మీద తను కూర్చున్న ఫోటో పేపర్లో పడిన వారానికే పని మాన్పించారు. ఆ రోజు నుంచి దాని నోరు ఇంకా పెద్దదైంది. బండి చుట్టూ ఒకసారి తిరిగి, కిటికీలోంచి చెయ్యి పెట్టి స్టీరింగు మీద హారన్ నొక్కింది. పిల్లికూన అరిచినట్టు చిన్న కీచు.

"మెవ్లిదక్కా, బండి బాగుంది కానీ దీనికి గొంతే లేదు."

"మనకుంది కదే."

"మన గొంతులు కొండెక్కవు. మా పినతండ్రి కొడుకు లారీ లోయలో పడింది చూడు, దుంగల లారీ, దాని హారన్ మా కొట్టంలో ఉంది. రెండు బాకాలు, గాలి కొట్టే మోటారు. అది గానీ దీనికి బిగించామంటే పైన చెవిటి ముసలమ్మ కూడా లేచి కూర్చుంటుంది."

మధ్యాహ్నానికల్లా బాకాలు బండి పైకప్పు మీదికి ఎక్కాయి. జుమ్రెత పని చేస్తున్నంతసేపూ మాట్లాడుతూనే ఉంది. ఈ మోటారు కరెంటు బాగా తాగుతుందట. అందుకని లావు వైరు ఒకటి బ్యాటరీ నుంచి నేరుగా తేవాలట. బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టకపోతే మన బండిని మనమే తగలబెట్టుకున్నట్టట. అంత కరెంటు చిన్న బటన్‌లోంచి పోతే బటన్ కాలిపోతుంది కాబట్టి మధ్యలో రిలే అనే నల్లటి డబ్బా పెట్టాలట. బటన్ ఆ డబ్బాకు సైగ చేస్తుంది, మోటారుకు కరెంటు వదిలేది డబ్బా. బటన్‌ను మడత బల్ల పక్కన పెట్టాలని తేల్చాం. కాఫీ తాగుతూ కూర్చున్నా చేతికి అందేలా.

మూడో తూటు పొడుస్తుండగా నెజిర్ పరుగు లాంటి నడకతో కొండ దిగి వచ్చాడు.

"ఏయ్! ఆ డ్రిల్లు కింద పెట్టు!"

జుమ్రెత తల తిప్పలేదు. "పెడతా అన్నా. ఇదొక్కటీ అయిపోనీ."

"ఇదొక్కటీనా? అంటే ఇంతకుముందే పొడిచావా?"

"రెండు. చూడు ఎంత గుండ్రంగా వచ్చాయో."

అతను నా వైపు తిరిగాడు. "మెవ్లిదా, నా బండి దొంగతనం చేశావు."

"నీ దుప్పటి కూడా తెచ్చాను. ఇక్కడ చలి."

"పోలీసులకు చెబుతా."

"చెప్పు. వాళ్లకూ ఇదే దారి. కూర్చుని ఎదురుచూడు, కాఫీ పోస్తాను."

కూర్చున్నాడు. కోపంతో కూర్చున్నాడో, మోకాళ్లు నొప్పెట్టి కూర్చున్నాడో నాకు తెలీదు. కాఫీ మాత్రం తాగాడు.

అంతా బిగించాక జుమ్రెత బటన్ నొక్కింది. డబ్బాలో టిక్కుమంది. పైన బాకాలు ముసలి ఎద్దు దగ్గినట్టు ఒకసారి మూలిగి ఊరుకున్నాయి. మళ్లీ నొక్కింది. మళ్లీ దగ్గు. ఫ్యూజు చూసింది, వైరు మార్చింది, మోటారు విప్పి తుడిచింది. దగ్గు తగ్గలేదు. దాని మొహం ఎర్రబడింది. చివరికి పట్టకారు ఏట్లోకి విసిరేసింది.

"ఫ్యాక్టరీలో ఇలాంటివి లక్ష అల్లాను! ఈ ముసలి డబ్బాకు ఏం రోగం?"

"డబ్బా అనకు," అన్నాడు నెజిర్. కప్పు కింద పెట్టి లేచాడు. మోటారు నుంచి వచ్చిన ఎర్త్ వైరు బిగించిన చోటు చూశాడు. "ఇక్కడ బిగిస్తే ఎలా పలుకుతుంది? ఈ రేకుకు నేను మూడు పూతలు రంగు వేశాను. దాని కింద తుప్పు పట్టకుండా ఇంకో పూత. నువ్వు స్క్రూ బిగించింది రంగుకి, ఇనుముకి కాదు."

జుమ్రెత నాలుక కరుచుకుంది. "తిరిగి పోవడానికి దారి లేకపోతే కరెంటు ఎలా వస్తుంది! గోకాలి అన్నా."

"నువ్వు ముట్టుకోకు."

జేబులోంచి చాకు తీసి తనే గోకాడు. కన్నకూతురికి చెవులు కుట్టిస్తున్న తండ్రిలా మొహం పక్కకు తిప్పుకుని, చిన్న నాణెమంత చోటు మెరిసేదాకా గోకాడు. వైరు మళ్లీ బిగించారు. ఈసారి బటన్ నేను నొక్కాను.

ఆ చప్పుడు ఎలా ఉందని అడిగితే ఏం చెప్పను? లోయలో కాకులన్నీ ఒక్కసారిగా లేచాయి. మా కుక్క రెండు రోజులు కనిపించలేదు. కాసేపటికి ఊరు ఊరంతా గడ్డపారలు, చీపుళ్లు పట్టుకుని కొండ దిగి వచ్చింది. ఉత్తుత్తి మోత అని తెలిసి నోటికొచ్చినట్టు తిట్టింది. వాళ్లు నిజంగా వస్తే తప్ప దాన్ని ముట్టుకోకూడదని అందరం అక్కడే ఒట్టు పెట్టుకున్నాం.

నెజిర్ మాత్రం "రాజ్యాన్ని హారన్‌తో ఆపుతారట" అని గొణుక్కుంటూ పైకి వెళ్లిపోయాడు. దుప్పటి అడగలేదు.

కాంట్రాక్టరు మనిషి వాహిద్ తెల్ల కారులో అప్పుడప్పుడూ వచ్చి పోయేవాడు. పక్క లోయవాడే. మర్యాదగా మాట్లాడతాడు. "పెద్దమ్మా, ఈ పాత ఇనుము ఎన్నాళ్లు నిలబడుతుంది?" అని అడిగితే, "నేను దానికంటే పాతదాన్ని, నన్ను అడుగు" అన్నాను. నవ్వాడు. బాకాల వైపు చాలాసేపు చూసి వెళ్లాడు.

ఆకులు రాలే కాలంలో జుమ్రెత అక్క కూతురి పెళ్లి వచ్చింది. ఊరంతా పైన హాల్లో. వంతెన మీద మేమిద్దరం. జుమ్రెత నీలం పట్టు గౌను మీద రబ్బరు బూట్లు వేసుకొచ్చింది.

"పెళ్లికి పోవే, నేనున్నాగా," అన్నాను.

"వాళ్లు కాచుకుని ఉండేది ఇలాంటి రోజు కోసమే అక్కా. ఆడడానికి సాయంత్రం ఉంది."

దాని మాట నోట్లో ఉండగానే మలుపులో ఇంజిను చప్పుడు వినిపించింది. ముందు తెల్ల కారు. వెనక నల్ల బట్టల కాపలావాళ్ల వ్యాను. దాని వెనక పొడుగాటి లారీ మీద పసుపు రంగు తవ్వే యంత్రం.

వాహిద్ దిగాడు. "పెద్దమ్మా, బండి తియ్యండి. కాగితాలన్నీ ఉన్నాయి."

"బండి స్టార్టవదు బాబూ."

"అయితే మేం లాగుతాం. నొక్కుతారా, నొక్కండి. పైన బ్యాండు మోగుతోంది. ఇవాళ ఎవరికి వినబడుతుంది?"

నేను లోపలికి పరిగెత్తి బటన్ నొక్కి పట్టుకున్నాను. బాకాలు గర్జించాయి. కాపలావాళ్లు చెవులు మూసుకున్నారు. వాళ్లలో ఒకడు, భుజాలు ఇంతింత ఉన్నవాడు, వెనక తలుపు ఒక్క గుంజుతో ఊడబీకి లోపలికొచ్చాడు. నన్ను పక్కకు నెట్టి బటన్‌ను గోడలోంచి పెరికేశాడు.

చప్పుడు ఆగిపోయింది. ఏటి హోరు. దూరంగా పైన ఎకార్డియన్ పాట, ఏమీ వినబడనట్టు సాగుతోంది.

"అయిపోయింది," అన్నాడు వాహిద్. బండి ముందు కమ్మీకి గొలుసు తగిలించారు. లారీ గుంజింది. అల్మారాలో కప్పులన్నీ రాలిపడ్డాయి. నెజిర్ ఏళ్ల తరబడి తుడిచిన ఆ కమ్మీ వంగిన చప్పుడు నా పళ్లలోకి పాకింది. నాకు భయం వెయ్యలేదు. ఒళ్లు మండిపోయింది.

జుమ్రెత డ్రైవరు తలుపులోంచి ఎక్కి, సీట్ల మధ్య నుంచి దూరి బల్ల దగ్గరికొచ్చింది. బటన్ ఉన్నచోట తూటులోంచి రెండు వైర్లు వేలాడుతున్నాయి. పెరికిన వేగానికి కొసల్లో రాగి బయటపడింది. జుమ్రెత ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఆ రెండు కొసల్నీ కలిపి మెలి తిప్పింది, ఫ్యాక్టరీలో వేల సార్లు తిప్పినట్టు.

హారన్ మళ్లీ లేచింది. ఈసారి ఆగలేదు.

"ఆపు! ఎక్కడ ఆపాలి?" అని ఆ భుజాలవాడు అరుస్తున్నట్టు అతని పెదాలను బట్టి తెలిసింది.

జుమ్రెత అతని చెవిలో నోరు పెట్టి అరిచింది. "ఆపే బటన్ నువ్వే పీకేశావు కదరా నాయనా!"

అతను వైర్ల కోసం చెయ్యి చాచాడు. జుమ్రెత వాటిని పిడికిట్లో బిగించి, ఆ పిడికిలిని పొట్ట కింద పెట్టుకుని బల్ల మీద బోర్లా పడుకుంది. అతనికి ఆడమనిషిని ఎక్కడ పట్టుకుని లేపాలో తోచలేదు. ఇంకొకడు తెలివైనవాడు, బ్యాటరీ కోసం వెతికాడు. అది డ్రైవరు సీటు కింద ఉంది. ఆ సీట్లో అప్పటికే నేను కూర్చుని స్టీరింగును రెండు చేతులా కావలించుకున్నాను. నేను సన్నటిదాన్ని కాను. ఇద్దరు లాగారు, ముగ్గురు లాగారు. చొక్కా చెయ్యి చిరిగింది, నేను లేవలేదు. ఎన్నో ఏళ్లు పిండి పిసికిన చేతులు అవి.

ఎంతసేపు అలా మోగిందో తెలీదు. చివరికి గొంతు సన్నబడింది. బ్యాటరీ అయిపోతోంది. పెద్ద గర్జన కాస్తా మూలుగై, ఈలై, ఆరిపోయింది.

అప్పుడు కొండదారి మీద కాళ్ల చప్పుడు వినిపించింది.

అందరికంటే ముందు నెజిర్, టై భుజం మీదికి ఎగిరిపోయి. వెనక పెళ్లికూతురు ముసుగు నడుముకు చుట్టుకుని, పెళ్లికొడుకు, వంటవాళ్లు, ముసలమ్మలు, ఎకార్డియన్ మెడలోంచి తీయడం మరిచిపోయిన పాటగాడు. అడుగు పెట్టడానికి చోటు లేకుండా వంతెన నిండిపోయింది.

నెజిర్ ఎవరినీ పలకరించకుండా ముందు కమ్మీ దగ్గరికి వెళ్లాడు. వంగి చూశాడు. వేలితో తడిమాడు. తర్వాత వాహిద్ ఎదుట నిలబడ్డాడు.

"గొలుసు విప్పు."

"పెద్దాయనా, మాకు పర్మిట్ ఉంది..."

"ఏటికి ఉందేమో. నా బండికి లేదు. విప్పు."

"ఇది మీకు మంచిది కాదు."

"నాకేం మంచిదో మా ఆవిడ చెబుతుంది. నువ్వు గొలుసు విప్పు."

విప్పారు. ఆ ఇరుకు దారిలో పొడుగాటి లారీ తిరగడానికి చోటు లేదు. మలుపుదాకా వెనక్కే పోవాల్సి వచ్చింది. అది ఒక్కో అడుగూ వెనక్కి జరుగుతుంటే పాటగాడు పెళ్లివారిని సాగనంపే పాట ఎత్తుకున్నాడు. జుమ్రెత గౌను అంచు పట్టుకుని రబ్బరు బూట్లతో అక్కడే ఆడింది. పెళ్లి విందు వంతెన మీదికే దిగివచ్చింది.

నన్నూ జుమ్రెతనూ కోర్టుకు పిలిచారు. ప్రజాశాంతికి భంగమట. జరిమానా వేశారు. కట్టం అన్నాం. కట్టకపోతే జైలు అన్నారు. సరే అని ఊలు బంతులు పట్టుకుని ఇద్దరం వెళ్లాం. జైల్లో వార్డెనమ్మకు నేను ఒక చలిటోపీ అల్లి ఇచ్చాను. జుమ్రెత ఆవిడ గదిలో హీటరు ప్లగ్గు బాగుచేసి, మా ఏటి సంగతి మొత్తం చెప్పి, ఏటి కోసం మేం రాసిన అర్జీ మీద ఆవిడ చేత కూడా సంతకం పెట్టించింది.

తర్వాత పైకోర్టు పర్మిట్ కొట్టేసింది. ఊరిని అడగకుండానే ఇచ్చారని రాసింది. కంపెనీ ఇంకా పై కోర్టుకు వెళ్లింది. కేసు నడుస్తోంది. ఇంక ఇళ్లకు పొండి, కేసు తేలేదాకా ఎవరూ రారు అని ప్లీడరు చెప్పాడు. ఆయన మంచివాడే. మేం కదల్లేదు. బండికి కొత్త బ్యాటరీ పడింది, కొత్త బటన్ పడింది, వెనక తలుపు నెజిర్ స్వయంగా బిగించాడు. వంగిన కమ్మీని మాత్రం సరిచేయనివ్వడు. గురువారాలు తన వంతు అంటాడు. ఇంకెవరైనా ఆ రోజు వస్తే మొహం మాడ్చుకుంటాడు.

మొన్న మంచు కరిగాక వాహిద్ ఒక్కడే వచ్చాడు, నడుచుకుంటూ. కంపెనీ పని మానేశానన్నాడు. నిజమో కాదో మాకు తెలీదు.

"ఇంకా ఇక్కడే ఉన్నారా పెద్దమ్మా?" అన్నాడు.

"ఇక్కడే. కాఫీ తాగుతావా?"

"తాగుతాను."

"అయితే అక్కడే నిలబడు, తెచ్చిస్తాను. వంతెన మాత్రం దాటకు."

అతను ఆ గట్టునే నిలబడి తాగాడు. చక్కెర చాలిందా అని అడిగి, ఖాళీ కప్పు వెనక్కి తెచ్చుకున్నాను.