మోకాళ్ళ నడుమ దిండు

ఒక చెయ్యి భుజం కింద, ఇంకో చెయ్యి తుంటి కింద పెట్టి మస్తానయ్య భార్యను మెల్లగా తన వైపుకు దొర్లించుకున్నాడు. లాగకూడదు, దొర్లించాలి. లాగితే పక్కబట్టకు ఒరుసుకుని చర్మం లేచిపోతుంది. వీపు వెనక మడతపెట్టిన దుప్పటి దోపాడు. తుంటి మీద ఎర్రబారిందేమోనని వంగి చూశాడు, మడమలు తడిమాడు. చెయ్యి దానంతట అదే పోయి పక్కనున్న దిండు అందుకుని మోకాళ్ళ నడుమ పెట్టింది. మనసు మాత్రం ఇంకెక్కడో ఉంది.

"ఏందయ్యా, మొద్దును దొర్లించినట్టు దొర్లిస్తాండావు?" అంది చెంచమ్మ.

"పోస్టరు గురించి ఆలోచిస్తాండా."

"నన్ను తిప్పేటప్పుడు నా గురించి ఆలోచించు."

"నీ గురించే గదమే ఆ పోస్టరు."

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. చెంచమ్మ నోరు మంచిదని ఎవరూ అనలేదు గానీ, ఆ నోటి పుణ్యానే ఆమె ఎండుచేపల గంప రోజూ పొద్దుగూకే లోపల ఖాళీ అయ్యేది. కావలి చుట్టుపక్కల పల్లెల్లో ఆమెతో బేరమాడి గెలిచిన ఇల్లాలు లేదు. రెండేళ్ళ కిందట ఆమె ఎక్కిన ఆటో బోల్తా పడి నడుము విరిగింది. కాళ్ళలో కదలిక పోయింది. పాడు నొప్పి మాత్రం పోలేదు. అప్పుడే సముద్రం ఒడ్డున ఉన్న ఇల్లు వదిలి, మస్తానయ్య పనిచేసే షాపుకు దగ్గరగా కావలిలో ఒంటిగది ఇంట్లోకి మారారు. వీలు దొరికినప్పుడల్లా అతను వచ్చి తిప్పిపోతాడు. అతను రాలేనప్పుడు పక్కింట్లో జాకెట్లు కుట్టే సాయిలక్ష్మి తిప్పుతుంది.

"రాత్రి నుంచీ కొంచెం ఆయాసంగా ఉండాది," అంది చెంచమ్మ, టీ సగంలోనే వదిలేసి.

"ఉక్కకు అట్నే ఉంటాది. గాలి తిరిగితే తగ్గతాది," అని ఫ్యాను ఆమె వైపుకు జరిపి అతను మోపెడ్ ఎక్కాడు.

ఒకప్పుడు మస్తానయ్య పడవల మీద పేర్లు రాసేవాడు. కొత్త పడవ నీళ్ళలోకి దిగాలంటే దాని ముక్కు మీద అతని కుంచె పడాల్సిందే. ఫ్లెక్సీలు వచ్చాక కుంచెను అడిగేవాళ్ళు లేరు. నడివయసులో నరేంద్రబాబు షాపులో చేరి, మౌసు పట్టుకోవడం నేర్చుకున్నాడు. పెళ్ళిళ్ళు, పుట్టినరోజులు, ఓణీల ఫంక్షన్లు, చావులు. చావులే ఎక్కువ. శ్రద్ధాంజలి ఫ్లెక్సీ అంటే అతని చెయ్యి నిద్రలో కూడా నడుస్తుంది. లేత నీలం ఆకాశం, తెల్లటి మబ్బులు, ఫోటో చుట్టూ బంతిపూల దండ, కింద రెండు దీపాలు.

ఆ అలవాటే అతని కొంప ముంచింది. ఆసుపత్రి వార్డులో పనిచేసే ఫేబీ సిస్టర్ పోయిన నెల షాపుకొచ్చింది. మంచం పట్టినవాళ్ళను ఎలా తిప్పాలో తోడున్నవాళ్ళకు తెలియడం లేదని, వీపంతా పుండ్లు పడుతున్నాయని, చదువు రానివాళ్ళకు కూడా అర్థమయ్యేలా బొమ్మలతో ఒక పోస్టరు కావాలని అడిగింది. అదే బొమ్మ కదిలేట్టు చేసి ఇస్తే వార్డు టీవీలో రోజంతా వేస్తానంది. ఇన్నేళ్ళకు తనకు నిజంగా తెలిసిన పని ఒకటి వచ్చిందని మస్తానయ్య సంబరపడ్డాడు. చెంచమ్మను ఫోనులో ఫోటోలు తీసి, వాటి మీదే గీతలు గీసి, వరుసగా ఆరు బొమ్మలు వేశాడు. బాణాలు పెట్టాడు, గడియారం పెట్టాడు. ఒళ్ళు నొప్పితో ఆమె కళ్ళు మూసుకుని ఉంటే బొమ్మలోనూ అలాగే మూశాడు. ఇక వెనకాల, చెయ్యి ఊరుకోక, లేత నీలం ఆకాశం, తెల్లటి మబ్బులు.

పోస్టరు వార్డు గోడకెక్కి వారం తిరక్కుండానే ఫేబీ మళ్ళీ వచ్చింది. నవ్వాలో ఏడవాలో తెలియని మొహం ఆమెది.

"ఏమీ అనుకోబాకండి అన్నా. అందరూ దానికి దండం పెట్టి పోతాండారు. ఒక పెద్దాయనయితే చెప్పులిడిచి మూర పూలు కూడా పెట్టినాడు. తిప్పేది ఎట్లని చూసినోళ్ళు ఒక్కరూ లేరు."

ఆ సంగతి చెప్పినప్పుడు చెంచమ్మ మంచం ఊగేలా నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది.

"బతికుండంగానే నాకు పూలు పెట్టించినావా సామీ! ఆ మబ్బులు పీకి పారెయ్యి. కళ్ళు తెరిపించు. కళ్ళు తెరిస్తే చాలదు, నోరు కూడా తెరిపించు. తిడతా ఉన్నట్టు పెట్టు. తిట్టే మనిషికి ఎవురన్నా దండం పెడతారా?"

అతనికి ఆ మాట నచ్చింది. మబ్బులు తీసేసి గచ్చు గోడ రంగు వేశాడు. టీవీలో కదిలేందుకు బొమ్మను ముక్కలు ముక్కలుగా విడదీశాడు. తల వేరు, మొండెం వేరు, చేతులు వేరు, కాళ్ళు వేరు. కీళ్ళ దగ్గర ఒక్కో ముక్కనూ తగిలించి, కొంచెం కొంచెంగా జరుపుతూ పోయాడు. ఫోనులో వీడియోలు చూసి నేర్చుకున్న విద్య. నోటికి మూడు బొమ్మలు గీశాడు, మూసినదొకటి, సగం తెరిచినదొకటి, పూర్తిగా తెరిచినదొకటి. వాటిని మార్చి మార్చి పెడితే అచ్చం చెంచమ్మే. ఈ సాయంత్రం అది ఫేబీకి అందాలి.

మధ్యాహ్నం ఇంటికొచ్చి, ఆమెకు రెండు ముద్దలు తినిపించి, ఫోను మొహం ముందు పట్టాడు. బొమ్మలో మోకాలు మడతపడింది. రెండు చేతులు వచ్చి భుజం, తుంటి పట్టుకున్నాయి. ఒళ్ళు పక్కకు తిరిగింది. తిరుగుతున్నంతసేపూ నోరు ఆడుతూనే ఉంది.

ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే చెంచమ్మ కళ్ళు చికిలించి చివరిదాకా చూసింది.

"మళ్ళీ పెట్టు," అంది.

మళ్ళీ పెట్టాడు.

"ఎంత సులువుగా తిరగతాండానయ్యా!" అంది. ఆ గొంతులో ఆశ విని అతను ఇంకోసారి పెట్టాడు. మూడోసారి చూసి ఆమె కనుబొమలు ముడిచింది. "దిండు యాడ?"

"ఏ దిండు?"

"మోకాళ్ళ నడుమ దిండయ్యా! రెండేండ్ల నుంచీ పెడతాండావు, ఏ దిండని నన్నడగతావా?"

మస్తానయ్య బొమ్మ వైపు చూశాడు. నిజమే, లేదు. రోజూ చెయ్యి పెడుతుందే గానీ కన్ను ఏనాడూ చూడలేదు.

"పెట్టేది నువ్వు, కాబట్టి మరిచిపోతావు. మోకాలి మీద మోకాలు పడితే నిప్పు పెట్టినట్టు ఉంటాది. ఆ వార్డులో ఉండేవాళ్ళకు నోరుందో లేదో, ఎవురు చెప్తారు? పోయి దిండు పెట్టి తీసకరా. అప్పుడు చూస్తా."

"ఆయాసం తగ్గిందా?"

"అట్నే ఉండాది."

"సాయంత్రం ఫేబీ సిస్టర్ను పిలుచుకొస్తాలే."

"నువ్వు ముందు దిండు సంగతి చూడు," అని కళ్ళు మూసుకుంది.

షాపులో మొదట తెల్ల దిండు గీశాడు. మళ్ళీ మబ్బులా కనిపించింది. చెరిపేసి, ఇంట్లో ఉన్న దిండే గీశాడు. చెంచమ్మ పాత చీర చించి కుట్టుకున్న గలీబు, ఆకుపచ్చ మీద ఎర్ర గళ్ళు. మధ్యలో నరేంద్రబాబు వచ్చి, ఎవరో పోయారు, అర్జంటుగా ఫ్లెక్సీ కావాలన్నాడు. మస్తానయ్య ఆకాశం, మబ్బులు, దండ, దీపాలు పెట్టి ప్రింటుకు పంపి, మళ్ళీ దిండు దగ్గరికి వచ్చాడు. దిండు గాల్లో తేలితే ఎవరూ నమ్మరు. మోకాళ్ళ బరువుకు అది అణగాలి. రెండు చోట్ల గుంటలు పడేలా గీసి, మోకాళ్ళను వాటిలో కూర్చోబెట్టాడు.

ఫేబీ వచ్చి తెర ముందు నిలబడి చూసింది. నోరు ఆడటం చూసి నవ్వింది. దిండు దగ్గర నవ్వు ఆపింది.

"ఇప్పుడు బతికుండాది అన్నా. దిండు నేను కూడా చెప్పలేదే మీకు?"

"మా ఇంట్లో చెప్పింది," అన్నాడు గర్వంగా. "ఒకసారి వచ్చి చూస్తారా సిస్టర్? రాత్రి నుంచీ ఆయాసం అంటాండాది."

ఆమె మొహం మారింది. "పొద్దున్నే ఫోన్ చేయాల్సింది గదన్నా," అంటూ స్కూటరు తాళం తీసింది. అంతలోనే అతని ఫోను మోగింది. సాయిలక్ష్మి.

"మామా, ఒకసారి ఇంటికి రా."

వీళ్ళు వెళ్ళేసరికి సాయిలక్ష్మి గడపలో నిలబడి ఉంది.

"తిప్పుదామని పోయినా మామా," అంది. "నేను తిప్పితే అత్త ఎప్పుడూ తిట్టేది. ఈసారి తిట్టలేదు."

ఫేబీ చెంచమ్మ చెయ్యి పట్టుకుని చూసి, మెల్లగా పక్క మీద పెట్టింది. మస్తానయ్య భుజం మీద చెయ్యి వేసింది.

సాయిలక్ష్మి అప్పటికే చెయ్యాల్సినవి చేసింది. చెంచమ్మ వెల్లకిలా, తిన్నగా పడుకుని ఉంది. కళ్ళు మూసి ఉన్నాయి. గడ్డం కింది నుంచి తల మీదుగా గుడ్డ కట్టి ఉంది. కాళ్ళు రెండూ చేర్చి, బొటనవేళ్ళకు జాకెట్టుగుడ్డ పేలిక కట్టి ఉంది. మోకాలికి మోకాలు ఆనుకుని ఉంది. అది చూడగానే మస్తానయ్య చెయ్యి దానంతట అదే పక్కకు పోయింది, మళ్ళీ ఆగింది. పొద్దున ఉక్క అని తేల్చేసిన తన నాలుకను కోసుకోవాలనిపించింది అతనికి. మంచం పట్టె మీద కూర్చుని జేబులోంచి ఫోను తీశాడు.

"దిండు పెట్టినానే," అన్నాడు.

చుట్టుపక్కల వాళ్ళు వస్తున్నారు. చీకటి పడుతుండగా నరేంద్రబాబు ఫోన్ చేశాడు. పాపం, అతనూ మంచికే చేశాడు.

"ఫ్లెక్సీ నేను కొట్టిస్తాలే మస్తానయ్యా. ఏ ఫోటో పెట్టమంటావు?"

"వద్దు బాబూ. ఆ మబ్బుల్లో దాన్ని పెట్టబాకండి."

ఫేబీ తాను పోయి వార్డు టీవీలో బొమ్మ పెట్టేసి వస్తానంది. మస్తానయ్య తల ఊపాడు. ఎవరో మంచం కొంచెం జరపాలన్నారు, నలుగురూ పట్టి జరిపారు. గోడ వారగా, సాయిలక్ష్మి తీసి పెట్టిన చోటే, ఆకుపచ్చ మీద ఎర్ర గళ్ళ దిండు ఉంది, రెండు మోకాళ్ళ గుంటలూ ఇంకా పూడకుండా.