కాగితంలో నాలుగో లైను

అక్షరాలు నాకు యాభై రెండేళ్లకు వచ్చాయి. ఒత్తులు తప్పితే సర్దుకుని చదవండి. చెయ్యి నిదానం కాబట్టి ఈ కొంచెం రాయడానికే ఎండాకాలమంతా పట్టింది, ఏమీ అనుకోవద్దు.

గట్టయ్య అప్పటికి ముప్పై ఏళ్లుగా బొగ్గుబాయి లోపల పని చేస్తున్నాడు. గమ్‌బూటు ఒరుసుకుని కాలివేలికి పడ్డ పుండు ఎంతకూ మానలేదు. దవాఖానలో రక్తం చూస్తే షుగరని తేలింది. నెలరోజుల్లో అది దిగకపోతే వేలు తీసెయ్యాల్సి వస్తుందన్నాడు డాక్టరు. ఏం తినాలో, ఏం తినకూడదో అచ్చువేసిన కాగితం ఒకటి చేతిలో పెట్టి పంపారు.

ఆయన భార్య లింగవ్వకు చదువు రాదు. గట్టయ్యే గడప మీద కూర్చుని చదివి వినిపించాడు. ఆమె ఒక్కో మాటకు ఒక్కో వేలు ముడుచుకుంటూ మనసులో పెట్టుకుంది. మొత్తం పది.

ఆ రోజు నుంచి ఆమెకు వంట తప్ప వేరే ధ్యాస లేదు. మొదటి షిఫ్టు వారం డబ్బాలోకి జొన్నరొట్టె, మెంతికూర. రెండో షిఫ్టు వారం ఇంట్లో జొన్నరవ్వ ఉడికించిన గటక తినిపించి పంపేది. షిఫ్టు మారే ఆదివారం నాడే ఏ పూటకు ఏ కూరో అనుకుని పెట్టుకునేది. కోడలు హర్షిణి ఫోన్‌లో వంటల వీడియోలు చూపించేది. ఒకామె అన్నం ముట్టొద్దంది. ఇంకొకామె గంజి వార్చి తినొచ్చంది.

"ఎవల మాట నమ్మాలె బిడ్డా?"

"ఇద్దరికీ లక్షల మంది చూసెటోళ్లున్నరు అత్తమ్మా!"

"చూసెటోళ్లు గాదే, తిన్నోళ్లు ఎంతమంది బాగైన్రో చెప్పుమను."

ఆఖరికి ఫోన్ పక్కన పెట్టేసి, మొగుడు చదివిన పది మాటలనే పట్టుకుంది.

మూడో వారం మళ్లీ రక్తం చూశారు. షుగర్ ఇంకా పెరిగింది. పుండు చుట్టూ నలుపెక్కింది.

"నీ కాకరకాయ తిని నాలుక చచ్చింది గని, షుగర్ చావలే" అన్నాడు గట్టయ్య. లింగవ్వకు నవ్వు రాలేదు. తప్పు తన చేతిలోనే ఉందనుకుంది. నూనె ఎక్కువైందా, రొట్టె మందమైందా అని కుమిలిపోయింది.

మర్నాడు ఆయన డ్యూటీకి పోగానే ఆ కాగితం కొంగున ముడేసుకుని దవాఖానకు పోయింది. కాగితం ఇచ్చిన నర్సు రమ ఆమెను కూర్చోబెట్టి, పొద్దున్నుంచి ఏమేం పెడుతుందో అడిగింది. లింగవ్వ అన్నీ చెప్పింది.

"చక్కెర ఇంట్లనే లేకుంట చేసిన బిడ్డా. డ్యూటీ దిగి రాంగనే గొంతుల దుమ్ము పోను గింత బెల్లం, అంతే. అది ముప్పై ఏండ్ల సంది ఇస్తున్న."

"గింత అంటే?"

"నిమ్మకాయంత."

రమ కాగితం విప్పి నాలుగో లైను మీద వేలు పెట్టింది. "బెల్లం కూడా వద్దని ఇక్కడుంది కదమ్మా. ఎవరూ చదివి చెప్పలేదా?"

"మొత్తం మళ్ల సదువు బిడ్డా."

రమ చదువుతుంటే లింగవ్వ వేళ్లు ముడుచుకుంది. పదకొండయ్యాయి.

సాయంత్రం నాలుగింటికి గట్టయ్య వచ్చి గడప మీద కూర్చుని, ఎప్పటిలాగే చెయ్యి చాచాడు. లింగవ్వ అందులో కాగితం పెట్టింది.

"ఇదేందే, బెల్లమేది?"

"నాలుగోది సదువు."

ఆయన తలెత్తలేదు. "మా అన్న రాజం బాయి దుమ్ముకు దగ్గి దగ్గి పోయింది నువ్వు చూడలేదా? ఆయన బెల్లం ముట్టకపోయేది. వేలు లేకున్నా నడుస్త. ఊపిరి లేకుంటె?" అన్నాడు.

"గా మాట నాకు చెప్తే అయిపోవు గద! నా చేత్తోనే పెట్టిస్తివి. రాత్రంత నా వంటను నేనే తిట్టుకున్న."

"చెప్తె ఇయ్యవు."

"ఇయ్య. సదివేదాక పళ్లెం గూడ పెట్ట."

గట్టయ్య చదివాడు. గొణిగినట్టే చదివినా, లింగవ్వకు వినబడింది.

నెలాఖరుకు వేలు తీసేశారు. పాదం మిగిలింది. ఇప్పుడాయనకు బాయి పైన తేలిక పని. అయినా డ్యూటీ దిగి గడప మీద కూర్చోగానే చెయ్యి దానంతటదే ముందుకొస్తుంది. లింగవ్వ చెంబెడు వేడినీళ్లు అందిస్తుంది. తాగి దగ్గుతాడు. ఆ దగ్గు ఆగేదాకా ఆమె లోపలికి పోలేక అక్కడే నిలబడుతుంది.

అనసూర్య, వయసు అరవై మూడు. ఇప్పుడు కాసిపేటలో చిన్నబిడ్డ దగ్గర ఉంటున్నాను.