ఎసట్లో థర్మోస్టాట్

మరుగుతున్న నీళ్లలోకి దారం కట్టి వదిలిన ఇనుప బిళ్ల నోరు విప్పనే లేదు. మంజుల దాన్ని పక్కన పడేసి, కొత్తదాన్ని వదిలింది. కాసేపటికే అది మెల్లగా తెరుచుకుంది.

"వంకాయ వండమంటే ఇనుము వండుతాండావా?" అంది అత్త ఉచ్చీరమ్మ.

"ఇది ఉడికితేనే మనకు వంకాయ, అత్తా."

ఇంజన్ వేడెక్కగానే తెరుచుకుని, నీళ్లను రేడియేటర్‌కు పంపాల్సిన థర్మోస్టాట్ అది. పాతది బిగుసుకుపోయి, మొన్న మంజుల నైటీలు అమ్మను పోతుంటే కోసిగి దారిలో కారు ఆవిర్లు కక్కింది. ఫోన్ చేస్తే భర్త ఈరేష్ ఆదోని నుంచి మెకానిక్ తిరుపాల్‌ను వెంటబెట్టుకొని వచ్చాడు. "మన ఎండలకు ఇది యాల? పీకి పారేస్తే సరి," అంటూ తిరుపాల్ దాన్ని ఊడబీకి, అది లేకుండానే బోల్టులు బిగించాడు. ఈ చుట్టుపక్కల సగం బండ్లకు అదే వైద్యం. అక్కర లేకపోతే బండి చేసినవాడు ఊరికే పెడతాడా, వ్యాపారి ఎవడైనా సంచిలో ఒక పిన్నీసు ఎక్కువ వేస్తాడా అని మంజుల అడిగింది. తిరుపాల్ ఆమెకు కాక ఈరేష్‌కు జవాబిచ్చాడు: "వదినకు ఇంట్లో పని తక్కువుండాదన్నా." ఈరేష్ నవ్వాడు. ఆ నవ్వుతో ఆగలేదు. కారు కొనడానికి రమ్మని, పాత బండ్ల బేరం చేసే ఎమ్మిగనూరు గిడ్డయ్యకు కబురు పెట్టాడు. "నైటీలు మోసుకోని ఊర్లమ్మట తిరిగింది చాల్లే, ఇంట్లో కూర్చో," అన్నాడు. ఇంట్లో కూర్చోవడమట! పన్నెండేళ్ల కాపురంలో మంజుల కూర్చున్నదెక్కడ? అందరూ తిన్నాక వంటింటి గడప మీద. తనదనుకున్న కుర్చీ ఒక్కటే, ఆ కారులో స్టీరింగ్ వెనకది. సరుకు ఎక్కడ అమ్ముడవుతుందో తెలిసినదానికి, తాను ఎక్కడ చెల్లుతుందో తెలియదా?

గిడ్డయ్య వచ్చేది ఈ సాయంత్రమే.

చల్లారిన ఇంజన్‌లోని నీళ్లను బేసిన్‌లోకి వదిలింది. పై గొట్టం క్లిప్పు సడలించి, రెండు బోల్టులు విప్పింది. అంటుకుపోయిన పాత ప్యాకింగ్‌ను అట్లకాడ అంచుతో, అల్యూమినియానికి గాటు పడకుండా గీకింది. స్ప్రింగు ఇంజన్ వైపు ఉండేలా కొత్తది కూర్చోబెట్టి, బోల్టులు, గొట్టం బిగించి, కూలెంట్ పోసి, స్టార్ట్ చేసింది. బుడగలు ఆగాక రేడియేటర్ మూత బిగించి, పై గొట్టం మీద చెయ్యి పెట్టింది. చల్లగా ఉంది. ఇంకా చల్లగానే ఉంది. ఉన్నట్టుండి గొట్టం వేడెక్కింది. డ్యాష్‌బోర్డులో వేడి చూపే ముల్లు సగానికి వచ్చి నిలబడింది. మంజులకు ఒళ్లంతా తేలికైంది.

గిడ్డయ్య వచ్చి ఇంజన్ చప్పుడు విన్నాడు. ఈరేష్ ఛాతీ విరిచాడు. "బాగు చేసినామన్నా. ఇప్పుడు రేటు వేరే."

మంజుల గుడ్డపీలికతో చేతులు తుడుచుకుంది. "గిడ్డన్నా, టీ తాగి పో. చెడిపోయిన బండికైతే బేరం ఉండె. నడిచే బండి అమ్మేది లేదు."

"నన్నడగకుండానే?" అన్నాడు ఈరేష్.

"అన్నను రమ్మన్నప్పుడు నన్నడిగినావా?"

గిడ్డయ్య ముసిముసిగా నవ్వి అరుగు మీద కూర్చున్నాడు. "నాకు టీ చాలు తల్లీ."

ఈరేష్ గొంతు తగ్గించాడు. "సరేలే. రేపు కోసిగికి నేనూ వస్తా. నేనే తోలుతా."

"నువ్వు ఎనక మూటల మధ్యన కూర్చోరా," అంది ఉచ్చీరమ్మ గడపలో నుంచి. "ముందర పక్క సీటు నాది. కోసిగిలో మా చెల్లెల్ని చూసి ఎన్నేండ్లాయె."

మంజుల తాళంచెవి బొడ్లో దోపుకుంది.

"పొద్దున అయిదింటికి బయల్దేరతాం," అంది ఈరేష్‌తో. "ముగ్గురికీ సద్ది కట్టేది నీ పని."