సగం రాసుకున్న పాఠం

నేను ఒక నోట్సు పుస్తకాన్ని. పుస్తకం అన్నాను కదా అని ఎవరో మహానుభావుడు నన్ను రచించాడనుకునేరు. నన్ను ఎవరూ రచించలేదు, ఎక్కించుకున్నారు. ఒకాయన గబగబా చెప్తుంటే ఇంకొకాయన గబగబా రాసుకున్న సరుకు నేను. బెజవాడలో ఒక బైండింగు షాపులో పుట్టాను. రెండువందల పేజీలు, నల్ల అట్ట, వీపున ఎర్ర గుడ్డ. వాల్తేరులో ఎం.ఏ. ఇంగ్లీషు చదువుతున్న పుండరీకాక్షం అనే పొడుగాటి యువకుడు నన్ను కొని, మొదటి పేజీలో పైన శ్రీరామ రాసి, కింద తన పేరు రాసుకున్నాడు. అది 1979.

వాళ్ళ ప్రొఫెసరుగారికి ఒక పద్ధతి ఉండేది. పద్యంలో మాట్లాడే మనిషి ఎంత దుర్మార్గుడైనా సరే, ముందు వాడి పక్షాన నిలబడి, వాడు చెప్పిందంతా వేదమన్నట్టు చెప్పేవారు. క్లాసంతా తల ఊపేదాకా ఆగేవారు. అప్పుడు తిరగబడి, వాడి మాటలతోనే వాడి గుట్టంతా బయటపెట్టేవారు. అందుకే నాలో ప్రతి పాఠమూ రెండు భాగాలుగా ఉంటుంది, ఒక్కటి తప్ప.

ఆ ఒక్కటీ చెప్పిన రోజు పుండరీకాక్షం క్లాసులో లేడు. అక్క పెళ్ళికి ఊరెళ్ళాడు. తిరిగొచ్చాక సదాశివం అనే స్నేహితుడి నోట్సు పట్టుకుని మక్కీకి మక్కీ దింపడం మొదలుపెట్టాడు. మొదటి పేజీ అయ్యేసరికి సదాశివం పెట్టె సర్దుకుని వచ్చి, ‘‘బండికి టైమైంది రా, ఇచ్చెయ్’’ అని నోట్సు లాక్కుని రైలెక్కేశాడు. ‘అయితే’ అన్న మాట దగ్గర కలం ఆగిపోయింది. తర్వాత రాద్దాంలే అని సగం పేజీ ఖాళీ వదిలాడు. పరీక్షలో ఆ ప్రశ్న రాలేదు. రాని ప్రశ్నని ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

ఆ పద్యం సంగతి చెప్పాలి. విక్టోరియా రాణి నాటిది. ఒక చలిదేశంలో ఒక పెద్దమనిషి తన ఇంటికొచ్చిన అతిథితో మాట్లాడుతుంటాడు. మొదటినుంచి చివరిదాకా వాడి మాటలే. తన భార్యను ఎంత ప్రేమించాడో చెప్తాడు. గాలి తగిలితే కందిపోతుందని కిటికీలు మూయించాడు. ఆమె చెల్లెలు వస్తే ఆమె అలిసిపోతోందని ఆ చెల్లెల్ని రానివ్వలేదు. పాడితే దారినపోయేవాళ్ళు వింటున్నారని పాట మాన్పించాడు. ఇప్పుడు ఆమె లోపలి గదిలో తన కుర్చీలో కూర్చుని ఉంది. మూడు శీతాకాలాలుగా కదల్లేదు. ఆమెకు వేడి పడదని ఆ గదిలో నిప్పు కూడా వెయ్యడట. ‘‘చూడండి, ఎంత నెమ్మదిగా ఉందో’’ అంటాడు. పద్యం అక్కడ అయిపోతుంది.

దాని మీద నాలో ఉన్న వ్యాఖ్యానం, తెలుగులో చెప్తే, ఇది: ‘ఇతని ప్రేమ లోతైనది, నిర్మలమైనది. సామాన్యులు ప్రేమను కాలానికి వదిలేస్తారు. ఇతడు దాన్ని భద్రపరిచాడు. ప్రేమించినదాన్ని లోకం చేతికి ఇవ్వకపోవడమే నిజమైన ప్రేమ.’ చక్కటి ఇంగ్లీషు. బట్టీకి అనువుగా ఉంటుంది.

పుండరీకాక్షం కోనసీమలో ఒక డిగ్రీ కాలేజీలో లెక్చరరయ్యాడు, పుండరీకాక్షం మాస్టారయ్యాడు. ఏటేటా ఆగస్టులో నన్ను బల్ల మీద తెరిచి ఈ పాఠం చెప్పేవారు. ఏటేటా ఆ ‘అయితే’ దగ్గరికొచ్చి, గొంతు సవరించుకుని, ‘‘ఫుల్‌స్టాప్’’ అనేవారు. పిల్లలు ఫుల్‌స్టాప్ పెట్టుకునేవారు. ఆయన చెడ్డవారు కారు. బద్ధకస్తులూ కారు. క్లాసుకి ఒక్కనిమిషం ఆలస్యంగా వెళ్ళి ఎరగరు. కానీ నన్ను నమ్మారు. పద్యం చదివినప్పుడల్లా నా కళ్ళతోనే చదివారు. ఇరవైయ్యేళ్ళు అలా గడిచిపోయాయి, నాకేమో నా మాట చెల్లుబాటవుతోందని లోపల కాస్త గర్వంగానే ఉండేది. ఆ గర్వాన్ని తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

2002 ఆగస్టులో మాస్టారు బీఏ రెండో ఏడాది వాళ్ళకి ఈ పాఠం చెప్తున్నారు. మూడో బెంచీలో గంగాభవాని అనే అమ్మాయి రాయడం ఆపేసింది.

‘‘ఏమ్మా, పెన్ను ఆగిందే?’’ అన్నారు మాస్టారు.

‘‘ఈ వాక్యాలు నా దగ్గర ఇదివరకే ఉన్నాయి సార్.’’

సీనియర్ల నోట్సు దొరికిందనుకుని క్లాసంతా నవ్వింది. మాస్టారూ నవ్వారు. గంట కొట్టాక ఆ అమ్మాయి స్టాఫ్ రూముకి వచ్చి, ఒక ఉత్తరం ఆయన ముందు పెట్టింది. తెలుగులో రాసిన ఉత్తరం. మధ్యలో నాలుగు వాక్యాలు మాత్రం ఇంగ్లీషులో ఉన్నాయి. అవి నావే, పొల్లు పోకుండా. కింద ప్రసన్నకుమార్ అని సంతకం.

మాస్టారి ముఖం వెలిగిపోయింది. ‘‘మన ప్రసన్నకుమారే! నాలుగేళ్ళ కిందటి బ్యాచి. ఇంగ్లీషులో ఫస్టు.’’

‘‘మా మేనమామ కొడుకు సార్. శుక్రవారం మాకు తాంబూలాలు.’’

‘‘శుభం’’ అనబోయి ఆయన ఆ పిల్ల ముఖం చూసి ఆగిపోయారు.

అప్పుడు చెప్పింది. గొంతు పెంచలేదు, కన్నీళ్ళు పెట్టుకోలేదు. ఝాన్సీ అనే స్నేహితురాలితో తిరగొద్దన్నాడట. ఝాన్సీ ఇంటికి రావడం మానేసింది. సైకిలు తొక్కితే అందరూ చూస్తున్నారన్నాడు. సైకిలు అమ్మేశారు. చదువుకునే గదికి వీధివైపు కిటికీ ఉంటే, తనే సుత్తి తెచ్చుకుని చెక్క పెట్టి మేకులు కొట్టాడు. ఇంట్లోవాళ్ళు ‘పిల్లాడికి దానంటే ఎంత ప్రాణమో’ అని మురిసిపోయారు. మొన్న పెరట్లో ఒంటరిగా దొరికినప్పుడు, ‘‘నువ్వు నా దగ్గర లేకపోతే ఎక్కడా ఉండవు’’ అని నవ్వుతూ చెప్పాడు.

‘‘నాకు భయంగా ఉంది సార్’’ అంది.

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ‘‘ఇంటి విషయాల్లో నేనేం చెప్తానమ్మా? మీ నాన్నగారితో నువ్వే...’’

‘‘చెప్పాను సార్. ప్రేమ ఎక్కువై అలా ఉంటాడంటున్నారు. మీరు చెప్తే నాన్న వింటారు. బావ కూడా మీ మాట వింటాడు. విన్నాడు కదా.’’ గుమ్మం దాకా వెళ్ళి మళ్ళీ తిరిగింది. ‘‘సార్, పద్యంలో ఆ అమ్మాయి చివరికి ఏమైంది?’’

మాస్టారు అలవాటుకొద్దీ నావైపు చూశారు. నా దగ్గర ఏముంది? సగం పేజీ ఖాళీ. ఆయన వేలు ఆ ‘అయితే’ మీద ఆగింది. నన్ను మూసి పక్కకి నెట్టి, పద్యాల పుస్తకం తీసి ఆ పద్యం చదవడం మొదలుపెట్టారు. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు చదివారు. కారేజీ మూత తియ్యలేదు. మూడోసారి అయ్యాక కుర్చీలో వెనక్కి వాలి, ‘‘అయ్యో’’ అన్నారు.

గురువారం సాయంత్రం మాస్టారు సంచిలో ఆ పుస్తకాన్నీ నన్నూ వేసుకుని గంగాభవాని ఇంటికి వెళ్ళారు. తండ్రి సూర్యచంద్రరావు ఆర్టీసీలో డ్రైవరు. తాంబూలాల హడావుడిలో ఉన్న ఇల్లు. ప్రసన్నకుమార్ అక్కడే ఉన్నాడు. మాస్టార్ని చూసి వంగి కాళ్ళకి దణ్ణం పెట్టాడు. బుద్ధిమంతుడిలా ఉన్నాడు. నిజం చెప్పాలంటే నాకు నచ్చాడు. నా వాక్యాలు నోటికొచ్చినవాడంటే నాకు ముద్దే మరి.

‘‘అయ్యబాబోయ్, సారే మా ఇంటికొచ్చారే! కూర్చోండి సార్’’ అన్నాడు సూర్యచంద్రరావు. తల్లి మంగతాయారు కాఫీ తెచ్చింది. గంగాభవాని గుమ్మం పక్కన నిలబడింది.

మాస్టారికి లోకజ్ఞానం తక్కువ, ఆయనకి తెలిసింది పాఠం చెప్పడం ఒక్కటే. ‘‘ఒక పద్యం చెప్తాను, వినండి’’ అన్నారు. తాంబూలాల ముందురోజు పద్యమేమిటో వాళ్ళకి అర్థం కాలేదు, మాస్టారి మీద గౌరవం కొద్దీ కూర్చున్నారు. ఒక్కొక్క పాదమూ తెలుగులో చెప్పుకుంటూ పోయారు. కిటికీలు మూయించిన పాదానికి వచ్చేసరికి సూర్యచంద్రరావు తల ఎత్తి కూతురి గది గోడవైపు చూశాడు. ప్రసన్నకుమార్ మాత్రం, ‘‘నాకు తెలుసు మావయ్యా, గొప్ప ప్రేమపద్యం’’ అని నా నాలుగు వాక్యాలూ గడగడా అప్పజెప్పాడు.

మంగతాయారు వాటిని పట్టించుకోలేదు. ఆవిడ మనసు పద్యంలోని ఆ లోపలిగది దగ్గరే ఉండిపోయింది.

‘‘అంత చలిలో నిప్పు ఎయ్యడాండి?’’

‘‘వెయ్యడమ్మా.’’

‘‘మూడేళ్ళూ? మరి ఆ పిల్లకి అన్నం ఎవరు పెడతన్నారండి?’’

‘‘అన్నం ఊసే ఎత్తడమ్మా వాడు.’’

‘‘ఆ పిల్ల ఏం అంటదండి?’’

‘‘ఒక్క మాటా అనదు.’’

మంగతాయారు చేతిలో పళ్ళెం కింద పెట్టింది. ‘‘అయితే ఆ పిల్ల లేదండి. సచ్చిపోయి మూడేళ్ళయింది. ఈడే సంపేశాడు.’’

నాకు ఒళ్ళంతా కుంచించుకుపోయింది. వాల్తేరులో మిగిలిపోయిన ఆ రెండో పేజీ ఏమిటో ఇరవైమూడేళ్ళ తర్వాత నాకు అప్పుడు తెలిసింది. డిగ్రీలు చదివినవాళ్ళం మాకెవరికీ ఇన్నేళ్ళూ తట్టలేదు. ఇంట్లో మనిషి బతికుంటే అన్నం పెట్టాలన్న సంగతి ఆవిడకి తట్టింది.

‘‘మీరే కదా సార్, ఇది నిర్మలమైన ప్రేమని చెప్పారు!’’ అన్నాడు ప్రసన్నకుమార్.

‘‘తప్పు చెప్పాను’’ అన్నారు మాస్టారు. ‘‘సగం పాఠం రాసుకుని, ఇరవైయ్యేళ్ళు అదే చెప్పాను. ఇది ప్రేమ కాదు నాయనా. వాడు హంతకుడు. నీకు నేను నేర్పింది ఒక హంతకుడి మాటలు. పాపం నాది. క్షమించమని అడగమంటే అడుగుతాను, కానీ ఈ పెళ్ళి వద్దు.’’

‘‘మీరు పాఠం మార్చేస్తే నేను మారిపోవాలా?’’

‘‘నువ్వు మారతావో లేదో నాకు తెలీదు. ఆ అమ్మాయి నీ ఇంటికి రాకూడదు, అంతవరకే తెలుసు.’’

సూర్యచంద్రరావు తల పట్టుకున్నాడు. ‘‘తెల్లారితే తాంబూలాలు సార్. బావగారికి ఏం చెప్పేది? నలుగురూ ఏమనుకుంటారు?’’

‘‘మా అన్నయ్యతో నేను మాట్లాడతాను’’ అంది మంగతాయారు. కూతురివైపు తిరిగింది. ‘‘నిన్నెవరూ అడగలేదే ఇప్పటిదాకా. నేనూ అడగలేదు. నువ్వు చెప్పు.’’

గంగాభవాని ముందుకొచ్చింది. ‘‘నేను బావని చేసుకోను’’ అంది. ప్రసన్నకుమార్ విసురుగా లేచాడు. సూర్యచంద్రరావు అంతకంటే ముందు లేచి, కూతురికీ వాడికీ మధ్య నిలబడ్డాడు. జబ్బ పట్టుకుని వీధిలోకి దింపి వచ్చాడు. మర్నాడు మాస్టారూ ఆయనా కలిసి ఒక ఫిర్యాదు రాసి, ఆ ఉత్తరంతోపాటు తీసుకెళ్ళి ఎస్సైకి ఇచ్చారు. గంగాభవాని ఆ ఏడు పరీక్షలు రాసింది, పై ఏడూ రాసింది.

కథ ఇక్కడ ఆగితే నాకూ మర్యాదగా ఉండేది. కానీ మాస్టారికి నిద్ర పట్టలేదు. కాలేజీ ఆఫీసులోంచి పాత హాజరు పట్టీలు తెప్పించుకున్నారు. ఇరవైరెండు బ్యాచ్‌లు. అడ్రసు దొరికినవాళ్ళందరికీ కార్డులు రాయడం మొదలుపెట్టారు. ‘ఆ పద్యం గురించి నేను మీకు చెప్పింది సగమే. అందులోవాడు ప్రేమికుడు కాడు. ఆ అమ్మాయికి ఏం జరిగిందో ఆలోచించండి. తప్పు నాది.’ ప్రతి కార్డులోనూ అవే మాటలు.

జవాబులు వచ్చాయి. చాలామంది ‘ఏ పద్యం సార్?’ అని రాశారు. కొందరు ఆరోగ్యం జాగ్రత్త అని రాశారు. ఒకడు ఇంతకీ సిలబస్ మారిందా అని అడిగాడు. మాస్టారు ప్రతిదీ చదివి నా పేజీల్లో పెట్టేవారు. మనుషులు పాఠాలు ఇంత సులువుగా మరిచిపోతారని తెలిసి నాకు మొదటిసారి సంతోషం కలిగింది.

ఒకరోజు పొద్దున్నే పాలకొల్లు నుంచి ఒక కార్డు వచ్చింది. పద్దెనిమిదేళ్ళ కిందటి బ్యాచిలో త్రిపురసుందరి అనే అమ్మాయి ఉండేది. క్లాసులో గలగలా మాట్లాడేది, ఎదురు ప్రశ్నలు వేసేది. ఆమెకు రాసిన కార్డుకి అది జవాబు. దస్తూరీ ఆమెది కాదు.

‘మీ ఉత్తరం నేను చదివాను. నా భార్యకు ఇలాంటివి రాయవద్దు. ఆమె ఎవరితోనూ మాట్లాడదు. నెమ్మదిగా, సంతోషంగా ఉంది. ఇట్లు, ఆమె భర్త.’

మాస్టారు ఆ కార్డుని నిలబడే చదివారు. నా పేజీల్లో పెట్టలేదు. జేబులో పెట్టుకుని, కాలేజీకి సెలవు చీటీ రాసి పంపి, చెప్పులేసుకున్నారు.

‘‘ఎక్కడికండీ?’’ అని భార్య అడిగింది.

‘‘పాలకొల్లు’’ అన్నారు. ‘‘ఆ అమ్మాయిని చూసి, దాని నోట ఒక్క మాట విని వస్తాను.’’

నన్ను బల్ల మీదే వదిలేసి వెళ్ళారు.