చిటికెడు ఈస్ట్

తెవాకాన్ పట్నంలో జీన్స్ ఉతికే ఆ కార్ఖానాలో నీలం నీళ్ళను తేటగా మార్చే తొట్టి పద్దెనిమిదేళ్ళుగా ఎర్మీనియాదే. ఇనుప ఉప్పు, యాసిడ్, పెరాక్సైడ్ ఆవిడ చేత్తో పడితేనే రంగు విరిగేది. బాగా తేరిన ప్రతి విడత నీళ్ళనూ ఓ సీసాలో పట్టి, చేసినవాళ్ళ పేరు రాసి అలమరలో పెట్టడం అక్కడి ఆనవాయితీ. అలమర నిండా ఒకటే పేరు.

ఇప్పుడు యాదిరా ఊడిపడింది. పట్టుమని పాతికేళ్ళు లేవు, పుయెబ్లా నగరంలో చదువు. మట్టి గోళీలకు ఇనుము పట్టించి తెచ్చింది. ఇదే కొత్త ఉత్ప్రేరకమట. పెరాక్సైడ్‌కి తోడు కాస్త ఎండ తగిలితే చాలట, అడుగున గోధుమరంగు బురద కూడా మిగలదట. యజమాని దోన్ ఫిలెమోన్ ఆ గోళీలను అరచేతిలో దొర్లిస్తూ మురిసిపోతుంటే ఎర్మీనియా తన ఉప్పు డబ్బా మూత ధన్‌మని మూసింది. పద్దెనిమిదేళ్ళలో తన ఉప్పు డబ్బా వంక ఒక్కసారైనా చూశాడా ఈ మహానుభావుడు?

“ఇద్దరి నీళ్ళలో ఎంత మురికి మిగిలిందో కొలుద్దాం. ఇవాళ గోళీలు గెలిస్తే తొట్టి యాదిరాకి. పరీక్ష మాత్రం నువ్వే చెయ్యి ఎర్మీనియా. నీ చెయ్యంటే నాకు నమ్మకం,” అన్నాడాయన.

మురికి కొలిచే ముందు నీళ్ళలో చిటికెడు రొట్టెల ఈస్ట్ వెయ్యాలి. మిగిలిపోయిన పెరాక్సైడ్‌ను అది విరగ్గొట్టేస్తుంది. వెయ్యకపోతే ఆ పెరాక్సైడ్ కూడా మురికి లెక్కలోకే వస్తుంది. నిద్రలో లేపి అడిగినా ఎర్మీనియా చెప్పే సంగతే ఇది. తన సీసాలో వేసింది. పిల్ల సీసా దగ్గరికి వచ్చేసరికి పొట్లం మడిచి జేబులో పెట్టుకుంది.

రెండు గంటల తర్వాత తేలింది. మురికి లెక్క ఎర్మీనియా నీళ్ళకు రెండు వందల పది, యాదిరా నీళ్ళకు నాలుగు వందల ఎనభై.

“సోమవారం ఆ గోళీలు ఎత్తి పారెయ్యండి,” అన్నాడు ఫిలెమోన్.

యాదిరా గోళీల బుట్ట ఎత్తబోయింది. బుట్ట తీగ గీరుకుని వేలు తెగింది.

“నాదే ఎక్కడో తప్పయ్యుంటుంది అత్తా. నీ చెయ్యి తప్పు కొలవదు,” అంటూ తన నీళ్ళ బకెట్లోనే వేలు ముంచింది. తెగినచోట తెల్లగా నురగ లేచింది.

పెరాక్సైడ్ నెత్తుటికి తగిలితేనే అలా నురగలు కక్కుతుంది. అంటే ఆ నీళ్ళలో అదింకా మిగిలే ఉంది. పిల్ల ఆ నురగ వంక చూసింది, తర్వాత ఎర్మీనియా జేబులోంచి తొంగిచూస్తున్న పొట్లం వంక.

“అత్తా... ఈస్ట్ వేశావా?”

ఫిలెమోన్ ఇంకా గుమ్మంలోనే ఉన్నాడు. వేశాను అని ఒక్క మాటంటే సరిపోతుంది. ఆ పిల్ల నమ్ముతుంది కూడా. అందుకే ఆ మాట అనబుద్ధి కాలేదు ఎర్మీనియాకు.

“వెయ్యలేదే. కుళ్ళుతో వెయ్యలేదు. అయ్యగారు నీ గోళీలను ముద్దు చేస్తుంటే ఓర్వలేక వెయ్యలేదు. చాలా?”

ఈసారి ఈస్ట్ వేసి యాదిరా నీళ్ళు మళ్ళీ కొలిచారు. తొంభై.

ఫిలెమోన్ సీసా, కలం తెచ్చి ఎర్మీనియా ముందు పెట్టాడు. పిల్ల పేరు రాయడానికి చెయ్యి మొరాయించింది, అయినా రాసింది. కుళ్ళు తీరిందా అంటే, ఎక్కడ తీరుతుంది!

“అక్షరాలు వంకరపోయాయి అత్తా,” అంది యాదిరా, వేలికి గుడ్డ చుట్టుకుంటూ.

“నీ పేరే వంకర,” అని ఎర్మీనియా జేబులోంచి పొట్లం తీసి ఆ పిల్ల చేతిలో పెట్టింది. “రేపట్నించి నువ్వే వేసుకో. ఇంకెవరి చేతినీ నమ్మకు.”