నూటికి డెబ్బై

మామగారి కుర్చీ కింద సిగరెట్టు బూడిద ఊడవడంతో ఆ ఇంటి కోడలికి తెల్లవారుతుంది. ఆ పొగను ముప్పై ఐదేళ్ళుగా అత్తగారూ పీలుస్తోంది. గడ్డ లేచింది మాత్రం ఆవిడ ఊపిరితిత్తిలో. ఆవిడతో నెమ్ము చేసిందని చెప్పి ఊరుకున్నారు. "అమ్మ బెంబేలెత్తిపోతుంది, నువ్వు నోరు జారకు" అన్నాడు భర్త. బెంబేలెత్తిపోయే ఆ మనిషే, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గుతూ, నలుగురికీ వండి పెడుతోంది.

"మా ఆవిడ ఆస్పత్రిలో రంగులేస్తుంది" అని చుట్టాల దగ్గర జోకు వేస్తాడు భర్త. అందరూ నవ్వుతారు. పోనీ, రంగులే అనుకుందాం. గడ్డలోంచి తీసిన పలచటి పొర అద్దం బిళ్ళ మీద ఉంటుంది. దాని మీద ఆమె మందుచుక్కలు వేస్తే, వెతుకుతున్న ప్రోటీన్ ఉన్న కణాలు గోధుమరంగులో తేలతాయి. నూటికి ఎన్ని తేలాయో మైక్రోస్కోపులో మెడ లాగేసేదాకా లెక్కపెడుతుంది. ఆ లెక్క పెద్దదైతే కొత్త మందు పనిచేసే అవకాశం ఎక్కువ, ఇంకొన్నేళ్ళు బతుకుతారన్న ఆశా ఎక్కువ. లెక్క ఆమెది, సంతకం డాక్టరుది. అవన్నీ పోగేసి డాక్టరు వ్యాసం అచ్చు వేయించుకున్నప్పుడు, చివరి వాక్యంలో ఆమె పేరు 'ల్యాబ్ సిబ్బంది'.

అత్తగారి గడ్డలోంచి తీసిన ముక్కా ఆ బల్ల మీదికే వచ్చింది. రెండే బిళ్ళలు. మొదటిదాన్ని, బిళ్ళలు ఆరిపోకుండా ఉంచే తడిపెట్టెలోంచి తీసి చుక్క వేయబోతుంటే భర్త నుంచి ఫోను. అత్తగారికేమైనా అయిందేమోనని గబుక్కున ఎత్తింది.

"నాన్న కళ్ళజోడు ఎక్కడ పెట్టావ్?"

"టీవీ పక్కన చూడండి."

"లేదు."

"ఫ్రిజ్ మీద?"

"లేదంటుంటే! సర్దేది నువ్వేగా?"

"ఆయన నుదుటి మీద చూడండి."

తర్వాత తండ్రీకొడుకుల నవ్వు. "ఆఁ, ఉందిలే."

ఈలోగా బిళ్ళ ఎండిపోయింది. ఎండిన ముక్క మీద ఎక్కడపడితే అక్కడ రంగు పట్టేస్తుంది, ఆ లెక్క నమ్మడానికి లేదు. కన్నతల్లి ముక్క అని ఆ కొడుక్కి తెలుసా? తెలిస్తే మాత్రం కళ్ళజోడు తనే వెతికేవాడా? డాక్టరు ఎండిన బిళ్ళనూ, ఆమె చేతిలో ఫోనునూ చూసి, "ఇంటి గొడవలు ఇంట్లోనే వదిలి రావాలమ్మా" అన్నాడు. వదిలే వచ్చాను సార్, అవే ఫోన్ చేస్తున్నాయి అనబోయి, మింగేసింది. ఫోను సొరుగులో పడేసి తాళం వేసింది. మిగిలిన ఒక్క బిళ్ళనూ, పసిబిడ్డకు స్నానం చేయించినట్టు, తడి ఆరనీయకుండా చూసుకుంది. రెండుసార్లు లెక్కపెట్టింది. రెండుసార్లూ డెబ్బై.

మర్నాడు సాయంత్రం, సంతకం అయిన రిపోర్టు కవరు పట్టుకుని ఇంటికి వచ్చేసరికి భర్త గుమ్మంలోనే ఉన్నాడు. "ఎంతొచ్చింది? నాకు చెప్పు చాలు. అయినా, ఈ వయసులో ఆస్పత్రుల చుట్టూ తిప్పడం దేనికని నాన్న అప్పుడే అనేశారు."

"అత్తయ్యను అడిగారా?"

"అమ్మకేం తెలుస్తుంది?"

కవరు మీదున్నది ఆవిడ పేరు. దాన్ని భర్త చేతిలో పెట్టకుండా తిన్నగా వంటింట్లోకి నడిచింది. స్టవ్ ఆపి, అత్తగారిని పీట మీద కూర్చోబెట్టింది.

"అత్తయ్యా, మీకు నెమ్ము కాదు. ఊపిరితిత్తిలో క్యాన్సర్ గడ్డ."

ఆవిడ గరిటె వదల్లేదు. "ఇంట్లో అందరూ నాతో మెత్తగా మాట్లాడుతుంటేనే అనుకున్నాను" అంది. "ఆ కాగితంలో ఏముంది?"

"నూటికి డెబ్బై. పూర్తిగా నయమవుతుందని చెప్పలేను. కానీ మందు పనిచేసే అవకాశం బాగుంది. వేయించుకోవాలా వద్దా అన్నది మీరే చెప్పాలి."

"డెబ్బయ్యా? బళ్ళో నాకు ముప్పై దాటితే గొప్ప." నవ్వబోతే దగ్గొచ్చింది. దగ్గు తగ్గాక గరిటె పక్కన పెట్టింది.

అవతలి గదిలోంచి మామగారి కేక. "టీ ఏదీ?"

"పాలు ఫ్రిజ్‌లో ఉన్నాయి, పెట్టుకోండి" అంది ఆవిడ, కేక వైపు తలైనా తిప్పకుండా. "ఆ సిగరెట్టు వీధిలో కాల్చుకోండి. ఏమ్మా, ఆ మందు ఎప్పుడు మొదలుపెడతారు?"