ఇల్డా వంతు

మా ఇంట్లో కొట్లాటలన్నీ వంతు దగ్గరే మొదలవుతాయి. ఫోన్ల కంపెనీ వాళ్ళు దాన్ని అప్‌గ్రేడ్ అంటారు, మేం వంతు అంటాం. ఒకే ఖాతా కింద ఐదు నంబర్లు ఉండేవి. నాది, అమ్మది, తమ్ముడు ఉర్బానోది, వాడి కూతురు తానియాది, అందరికంటే చిన్నదైన మా చెల్లెలు ఇల్డాది. రెండేళ్ళ ఒప్పందం మీద సంతకం పెడితే ఒక్కో నంబరుకి ఒక కొత్త ఫోను దాదాపు ఊరికే వచ్చినట్టే. ఆ గడువు దగ్గర పడేదాకా ఆ నంబరు మీద ఇంకో ఫోను ఇవ్వరు. మధ్యలో మానేస్తే జరిమానా వేస్తారు.

అది కంపెనీ పెట్టిన రూలు. దాన్ని దాటే విద్య, సముద్రం అవతలి ద్వీపాల నుంచి మావాళ్ళు వలసొచ్చిన ఈ ఫాల్ రివర్‌లో రాని కుటుంబం లేదు. ఎవరి ఫోనైనా పగిలితే ఇంట్లో ఎవరికి వంతు వచ్చిందో చూస్తారు. వాళ్ళ నంబరు మీద ఫోను కొని, కారులో కూర్చుని, అందులో సిమ్ కార్డు తీసేసి తమ కార్డు పెట్టుకుంటారు. అమ్మ పెద్ద అంకెల మడత ఫోను తప్ప ఏదీ ముట్టేది కాదు కాబట్టి ఆమె వంతు మాకందరికీ ఉమ్మడి ఆస్తి. ఆదివారం కేల్ ఆకుకూర సూపు ముందు కూర్చుని దాని కోసం ముగ్గురం చెంచాలు చూపించుకుంటూ అరుచుకునేవాళ్ళం.

ఖాతా నా పేరు మీద ఉంది. నా పేరు ఒడీలియా. బడి వంటశాలలో ముప్ఫై ఏళ్ళుగా గరిటె తిప్పుతున్నాను. గరిటెకైనా సెలవులున్నాయి గానీ నా నోటికి లేవని ఉర్బానో అంటాడు. వాడన్నదాంట్లో అబద్ధం లేదు.

2009 నవంబరులో తానియాకి పదహారో పుట్టినరోజు వచ్చింది. పిల్ల ఫోను కావాలని నెల రోజులుగా మూతి ముడుచుకుని తిరుగుతోంది. అప్పుడు వంతు వచ్చింది ఇల్డాకి. ఇల్డా ఫోను బాటరీ అప్పటికే ముసలిదైపోయింది, పొద్దున నింపితే మధ్యాహ్నానికి చచ్చిపోయేది. "నెలాఖరుకి వచ్చి మార్చుకుంటానక్కా, నా వంతు జాగ్రత్త" అని చెప్పి మరీ వెళ్ళింది. అది గంట దూరంలో కేప్ కాడ్‌లో ఒక ముసలావిడ ఇంట్లోనే ఉండి ఆవిణ్ణి చూసుకునేది. నేను దాన్ని అడగలేదు. ఇంకొన్నాళ్ళు సర్దుకుంటుందిలే అనుకుని దాని వంతుకి తానియాకి ఫోను కొనేశాను. తెలిశాక ఇల్డా నవ్వేసింది.

"నా వంతు తినేశావా అక్కా? అరిగించుకో."

ఆ మరుసటి జూన్‌లో, ఒక శనివారం, అమ్మకి ఒంట్లో బాగాలేక ఆసుపత్రిలో చేర్చాం. పది గంటలకి డాక్టరు రావాల్సినవాళ్ళని రమ్మనమన్నాడు. ఇల్డాకి పదకొండు సార్లు ఫోను చేశాను. దాని ఫోను చచ్చిపడి ఉంది. అది పనిచేసే ఇంటి నంబరు నా దగ్గర లేదు, తీసుకోవాలని నాకెప్పుడూ తోచలేదు. అమ్మ నాలుగుసార్లు అడిగింది, చిన్నది వచ్చిందా అని. సాయంత్రం నాలుగింటికి ప్రాణం పోయింది. ఇల్డా ఏమీ తెలియకుండా ఆదివారం తన అలవాటు ప్రకారం వచ్చింది, చేతిలో అమ్మకి ఇష్టమైన తీపిరొట్టె పట్టుకుని.

ఖననం అయ్యాక నా వంటింట్లో నిలబడి, అరవకుండా, మెల్లిగా అంది. "ఫోను వంతు తిన్నావు, పోనీలే అనుకున్నా. అమ్మ దగ్గర నా వంతు కూడా తినేశావు కదే."

అప్పుడు నేను దాని కాళ్ళ మీద పడాల్సింది. పడలేదు. "ఫోనుకి ప్లగ్గు పెట్టుకోవడం చేతకాదు గానీ నన్నంటావా?" అన్నాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. జులైలో ఇల్డా కారులో బట్టలు సర్దుకుని పడమరకి వెళ్ళిపోయింది. ఎక్కడికో ఎవరికీ చెప్పలేదు.

అయితే నంబరు మాత్రం మా ఖాతాలోనే ఉండిపోయింది. నేను తిన్న ఆ వంతు వల్లే. 2011 నవంబరు దాకా కదలడానికి లేదు, రూలు. ఒకప్పుడు ఆ రూలుని తిట్టని రోజు లేదు నాకు. తర్వాత అదే నాకు దిక్కయింది.

ఎందుకంటే ప్రతి నెలా బిల్లు వస్తుంది. ఏ నంబరు ఏ ఊరి నుంచి ఎప్పుడు ఎవరికి ఫోను చేసిందో వరసగా ఉంటుంది. మిగతావాళ్ళ పేజీలు నేను చూడను. ఇల్డా పేజీ మాత్రం తీసుకుని, కళ్ళజోడు పెట్టుకుని, కాఫీ చల్లారిపోయేదాకా చదువుతాను. జులైలో స్క్రాంటన్, టొలీడో, ఒమాహా. ఆగస్టు నుంచి కాలిఫోర్నియాలో తులేర్. మన ద్వీపాల వాళ్ళు పాలడైరీలు పెట్టుకున్న ఊరు అది. హమ్మయ్య, సూపు చేసిపెట్టేవాళ్ళు ఎవరో ఒకరు ఉంటారని కాస్త ఊపిరి పీల్చుకున్నాను. జనవరిలో ఒక మందుల షాపుకి నాలుగుసార్లు చేసింది. ఆ నెలంతా నాకు దగ్గు వచ్చింది. ప్రతి శనివారం పొద్దున్నే ఒకే నంబరుకి ఒక నిమిషం. ఉండబట్టలేక ఆ నంబరుకి నేనే చేశాను.

"బేకరీ అండీ, చెప్పండి" అంది అవతల ఒక గొంతు, మన ద్వీపాల భాషలో.

"తీపిరొట్టె ఉందా?"

"శనివారాలే చేస్తామండీ. ఒకటి పక్కన పెట్టమంటారా?"

ఫోను పెట్టేశాను. అమ్మ పోయినా అది శనివారాలు తీపిరొట్టె కొంటోంది. ఎవరి కోసం కొంటోంది, ఎవరితో కూర్చుని తింటోంది అని తెగ ఆలోచించాను. ఆ రోజు వంటశాలలో బంగాళాదుంపల్లో రెండుసార్లు ఉప్పు వేశాను. మూడొందల మంది పిల్లలు నన్ను తిట్టుకుంటూ తిన్నారు.

దానికి ఫోను చేయలేదా అంటే, చేశాను. ఎన్నిసార్లు చేసినా ఎత్తదు. మాట చెప్పమని యంత్రం అడగ్గానే నేను పెట్టేసేదాన్ని. యంత్రంతో ఏం చెప్పను?

ఈలోగా ఉర్బానో ఒక వెధవ పని చేశాడు. అమ్మ నంబరు ఇంకా రద్దు చేయలేదని చూసి, ఆమె వంతుకి ఒక ఫోను తెచ్చుకున్నాడు, ఆమె పోయి మూడు నెలలు కాకుండానే. వాణ్ణి ఇంట్లోంచి వాకిలి దాకా, వాకిట్లోంచి వీధి దాకా తిట్టి, ఖాతాకి పాస్‌వర్డ్ పెట్టించాను. ఇకమీదట ఎవరి వంతు ముట్టుకోవాలన్నా దుకాణంలో ఆ మాట చెప్పాల్సిందే. ఏం పెట్టమంటారని అడిగితే నా నోటికి వచ్చింది 'ఫొర్మీగా'. మా భాషలో చీమ అన్నమాట. ఇల్డా చిన్నప్పుడు వేలు తడుపుకుని చక్కెర డబ్బాలో ముంచి నాకుతూ దొరికిపోయేది. అప్పటినుంచి దాన్ని నేను చీమా అనే పిలిచాను. ఇంట్లో ఇంకెవరూ అలా పిలవలేదు. పెద్దయ్యాక నేనూ మానేశాను.

పోయిన వారం, అంటే ఈ అక్టోబరులో, ఉర్బానో రేవులో చేపలు పడుతూ ఫోను నీళ్ళలో పడేసుకున్నాడు. దాన్ని బియ్యం పోసిన ప్లాస్టిక్ సంచీలో పెట్టుకుని మా ఇంటికి వచ్చాడు.

"అక్కా, ఇల్డా వంతు వచ్చేసింది తెలుసా? గడువుకి నెల ముందే ఇస్తారుగా."

"దాని మీద చెయ్యి వేశావంటే విరగ్గొడతా."

"వేస్ట్ అయిపోతుందే! వచ్చే నెలతో దాని ఒప్పందం అయిపోతుంది. అది నంబరు తీసుకుని ఇంకో కంపెనీకి పోయినా ఎవడూ ఒక్క సెంటు అడగడు. మనం ఇప్పుడు ఆ వంతు వాడేశామనుకో, ఇంకో రెండేళ్ళు ఎక్కడికీ పోలేదు. కట్టేసినట్టే."

వాడు ఏదో ఫోను కోసం వాగాడు. నాకు మాత్రం ఆ కట్టేసినట్టే అన్న మాట దగ్గర ఆగిపోయింది ప్రాణం. నవంబరు దాటితే ఇల్డా పోవచ్చు. పోతే బిల్లులో దాని పేజీ ఉండదు. తులేర్‌లోనే ఉందో లేదో తెలియదు. మందుల షాపుకి చేసినా తెలియదు. శనివారం తీపిరొట్టె మానేసినా నాకు తెలియదు.

మూడు రోజులు నాలో నేనే కొట్టుకున్నాను. ఒకసారి దాని వంతు తిన్నందుకే ఇంత జరిగింది, మళ్ళీ తింటానా? తినకపోతే అది చేయి జారిపోతుంది కదా? తింటే దొంగనవుతాను, తినకపోతే దిక్కులేనిదాన్నవుతాను. శుక్రవారానికి దొంగనవడానికే సిద్ధపడ్డాను. సిగ్గు లేదా అంటే ఉంది. దానికంటే చెల్లెలి మీద బెంగ ఎక్కువ, అంతే.

శనివారం ఉర్బానోని వెంటబెట్టుకుని దుకాణానికి వెళ్ళాను. కౌంటరు దగ్గర నెలీడా అని నా వయసు ఆవిడే ఉంది, ఊళ్ళో అన్ని కుటుంబాల వంతుల గొడవలూ తీర్చి తీర్చి అలసిపోయిన మనిషి. నంబరు చెప్పాను, పాస్‌వర్డు కాగితం మీద రాసి ఉర్బానోకి కనపడకుండా చేయి అడ్డం పెట్టి చూపించాను. ఆవిడ తెర వంక చూసి తల అడ్డంగా ఊపింది.

"ఈ నంబరుకి ఏమీ లేదమ్మా. 2013 సెప్టెంబరు దాకా లేదు."

నేను ఉర్బానో వైపు తిరిగాను. "ఒరేయ్ దొంగ సచ్చినోడా! చచ్చిపోయిన అమ్మది తిన్నావు, సరిపోలేదా? చెల్లెలిది కూడా మింగావా?"

"నేనా? అమ్మ సమాధి మీద ఒట్టక్కా!" వాడు జేబులోంచి బియ్యం సంచీ తీసి నా మొహం ముందు ఆడించాడు. "కొత్త ఫోనే ఉంటే దీన్ని మోసుకుని తిరుగుతానా? నా మొహం చూడు!"

"నీ మొహం చూసే చెప్తున్నా!"

"ఉండండమ్మా, జనం చూస్తున్నారు" అంది నెలీడా. "ఇక్కడ తీసుకోలేదు. పోయిన శనివారం, ఎనిమిదో తారీకున. కాలిఫోర్నియాలో, తులేర్ అని ఉంది. ఆ నంబరు వాడే ఆవిడే వచ్చి తీసుకుందట. అన్నిట్లోకీ చవక ఫోను. రెండేళ్ళ ఒప్పందం మీద సంతకం పెట్టింది."

ఉర్బానో బియ్యం సంచీ దించాడు. "ఇంకో నెల ఆగితే ఊరికే పోవచ్చు కదా. దానికి తెలీదా ఏంటి?"

మా ఇంట్లో ఆ రూలు తెలియనివాళ్ళు ఎవరు? ఇల్డాకి బాగా తెలుసు. ఒక్క నెల కదలకుండా కూర్చుంటే నా నుంచి పూర్తిగా విడిపోయేది. వెళ్ళి తనకు తానే కట్టేసుకుంది. నేను కౌంటరు అంచు పట్టుకున్నాను. అప్పుడు గుర్తొచ్చింది.

"పాస్‌వర్డ్ అడగలేదా?" అన్నాను. "దానికి తెలియదు కదా. నేను ఎవరికీ చెప్పలేదు."

"అడక్కుండా ఎలా ఇస్తారు?" నెలీడా ఇంకొంచెం కిందికి చదివింది. "రెండుసార్లు తప్పు చెప్పింది, మూడోసారి సరిగ్గా చెప్పింది అని రాశారు."

మొదటిది అమ్మ పేరు చెప్పి ఉంటుంది. రెండోది అమ్మ పుట్టిన ఊరు కావచ్చు. అవి తప్పని తేలాక, అంత దూరంలో, ముక్కూమొహం తెలియని మనిషి ముందు నిలబడి, అక్క ఏం పెట్టి ఉంటుందని ఆలోచించింది. ఆలోచించి, నేనొక్కదాన్నే పిలిచిన తన ముద్దుపేరు చెప్పింది. సరిపోయిందని అవతలి మనిషి అన్నప్పుడు దాని మొహం ఎలా అయిందో చూడాలని ఉంది. ఆ ఒక్క మొహం చూడటానికి తులేర్ దాకా నడిచి పొమ్మన్నా పోతాను. కళ్ళు తుడుచుకోవడానికి చేతికి ఏదీ దొరక్క ఆ పాస్‌వర్డు కాగితంతోనే తుడుచుకున్నాను.

"ఏం మాట అక్కా అది?" అన్నాడు ఉర్బానో.

"నీకెందుకురా."

నెలీడా గొంతు తగ్గించి అడిగింది. "మీరు ఎవరికీ చెప్పలేదంటున్నారు, ఆవిడ కనిపెట్టేసింది. జాగ్రత్త కోసం ఇప్పుడే మార్చేయమంటారా?"

"వద్దమ్మా, ఉంచండి" అన్నాను. "మళ్ళీ వంతు వచ్చినప్పుడు దానికి కావాలి."